రెండు నాబులు, ఒక స్పీకరు: అటారి పంక్ కన్సోల్ కిట్‌తో రెండేళ్లు

రెండేళ్ల కిందట మా మేనకోడలు వేసవి సెలవులకి మా ఇంటికి వచ్చింది. అప్పుడు తను ఏడో తరగతి. ఇద్దరం కలిసి ఏదైనా చేత్తో చేద్దామని అటారి పంక్ కన్సోల్ అనే శబ్దాల కిట్ ఆన్‌లైన్‌లో తెప్పించాను, 480 రూపాయలు పడింది. అప్పటినుంచి దాన్ని మూడుసార్లు విప్పి మళ్లీ కట్టాం, ఒక ఐసీ (చిప్) కాలిపోయింది, రెండు నాబులు మార్చాం, ఇప్పటికీ అది మా హాల్లో బల్ల మీదే ఉంది. కొనొచ్చా అని అడిగేవాళ్లకి నా మాట ఒకటే: తప్పకుండా కొనండి, కానీ లోపలి చీటీని గుడ్డిగా నమ్మకండి.

పేరు చూసి వీడియో గేమ్ అనుకోవద్దు. పాత వీడియో గేములు చేసిన అటారి కంపెనీకీ దీనికీ సంబంధం లేదు. ఫారెస్ట్ మిమ్స్ అనే అమెరికన్ 1980లో ప్రచురించిన సర్క్యూట్ ఇది. ఆ పాత గేముల్లో వినిపించే గరగర శబ్దాల్లాగా ఉంటుందని తర్వాత వేరేవాళ్లు ఈ పేరు పెట్టారు. లోపల 556 అనే 14 కాళ్ల ఐసీ ఒకటే ఉంటుంది, అంటే 555 అనే టైమర్ ఐసీలు రెండు ఒకే ఒంట్లో ఉన్నట్టు. ఆ 555ని హాన్స్ కామెంజిండ్ 1971లో డిజైన్ చేశాడు, 1972లో మార్కెట్లోకి వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో అడగ్గానే తీసి ఇస్తారు. మిగతావి రెండు నాబులు (తిప్పితే రెసిస్టెన్స్ మారేవి), వాల్యూమ్ కోసం ఇంకో చిన్న నాబ్, నాలుగు కెపాసిటర్లు, ఒకటో రెండో రెసిస్టర్లు, 8 ఓమ్‌ల స్పీకరు, 9 వోల్టుల బ్యాటరీ. అంతే సామాను.

ఎలా పనిచేస్తుందో పిల్లకి ఇలా చెప్పాను. మొదటి 555 తలుపు కొట్టే మనిషి, ఆపకుండా ఒకే వేగంతో కొడుతూనే ఉంటాడు. రెండోది తలుపు తీసే మనిషి. కొట్టగానే తీస్తాడు, కొంతసేపు తెరిచి ఉంచి మూస్తాడు, తలుపు తెరిచి ఉన్నంతసేపు ఎన్నిసార్లు కొట్టినా లెక్కలోకి రాదు. మొదటి నాబ్ కొట్టే వేగాన్ని మారుస్తుంది, రెండో నాబ్ తలుపు ఎంతసేపు తెరిచి ఉండాలో చెబుతుంది. తెరిచి ఉంచే సమయం పెరిగేకొద్దీ ముందు ప్రతి దెబ్బకీ, తర్వాత రెండు దెబ్బలకి ఒకసారి, ఆ తర్వాత మూడింటికి ఒకసారి తలుపు తెరుచుకుంటుంది. అందుకే రెండో నాబ్ తిప్పుతుంటే స్వరం జారుతూ రాదు, మెట్లు దిగినట్టు దిగుతుంది. ఈ బొమ్మలో అందం అంతా అక్కడే ఉంది.

ఇక మాకు జరిగిన నష్టాలు చెప్పాలి. కిట్ అమ్మినవాళ్లు 500 కిలో ఓమ్‌ల నాబులు అని చీటీలో రాసి, డబ్బాలో మాత్రం 100వి పెట్టారు. కట్టి స్విచ్ వేస్తే ఎంత తిప్పినా చెవులు గింగిర్లెత్తే కీచు శబ్దమే, పిల్ల ముఖం చిన్నబోయింది. ఒక రోజంతా వైర్లే తప్పేమో అని వెతికాం. చివరికి నాబ్ వెనక బి100కె అని కనిపించాక లెక్క వేశాను: 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్‌తో 500 నాబ్ అయితే దాదాపు 287 హెర్ట్జ్ దాకా దిగాలి, 100తో 1,400 దగ్గరే ఆగిపోతుంది. గుజరాతీ గల్లీకి వెళ్లి రెండు 500 నాబులు తెచ్చి వేశాక గాని దాని అసలు గొంతు వినిపించలేదు. ఇందులో నా బాధ డబ్బుల గురించి కాదు. మొదటిసారి చేసే పిల్లలు శబ్దం సరిగా రాకపోతే తప్పు తమదే అనుకుంటారు, ఆ ఒక్క రోజుతో ఈ పని మీద ఇష్టమే పోవచ్చు. దయచేసి కట్టే ముందు ప్రతి నాబ్ మీద అంకె చదవండి. కెపాసిటర్ మీద 103 అంటే 0.01, 104 అంటే 0.1. ఈ రెండూ తారుమారు చేసే అవకాశం చాలా ఎక్కువ.

రెండో తప్పు ఇంకా పెద్దది. చీటీలోని సర్క్యూట్ బొమ్మలో మొదటి నాబ్ నేరుగా బ్యాటరీ ప్లస్ నుంచి ఐసీ డిశ్చార్జ్ కాలికి (కెపాసిటర్‌ని ఖాళీ చేసే కాలికి) వెళ్తుంది. నాబ్‌ని సున్నా దాకా తిప్పితే ఆ కాలు తిన్నగా 9 వోల్టులకి తగిలినట్టే. పిల్ల ఒకరోజు చివరిదాకా తిప్పి అలాగే ఉంచింది, శబ్దం ఆగింది, ఐసీ ముట్టుకుంటే వేలు చురుక్కుమంది. కొత్త ఐసీ 25 రూపాయలు కాబట్టి సరిపోయింది. నాబ్‌కి వరుసలో ఒక 1 కిలో ఓమ్ రెసిస్టర్ వెయ్యండి, గోధుమ, నలుపు, ఎరుపు చారలు ఉంటాయి. ఆ రెసిస్టర్ వేశాక మళ్లీ ఆ సమస్య రాలేదు.

కట్టడం గురించి ఎక్కువ చెప్పను. ముందు బ్రెడ్‌బోర్డ్ (టంకం లేకుండా వైర్లు గుచ్చే పలక) మీద చెయ్యండి, శబ్దం వచ్చాకే సోల్డరింగ్. ఐసీని నేరుగా టంకం వెయ్యకుండా సాకెట్‌లో పెట్టండి. 10 మైక్రోఫారడ్ కెపాసిటర్‌కి గీత ఉన్న వైపు మైనస్. సోల్డరింగ్ పిల్లల చేత చేయిస్తే కిటికీ తెరిచి పెట్టండి, తర్వాత చేతులు సబ్బుతో కడిగించండి, మామూలు టంకంలో సీసం ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా మేనకోడలు వయొలిన్ నేర్చుకుంటోంది. ఒక సాయంత్రం రెండో నాబ్ మెల్లగా తిప్పుతూ ఉన్నట్టుండి ఆగి, "మామయ్యా, ఇది పా కదా? ఇందాకటిది పై సా, ఇది పా," అంది. నేను నమ్మలేదు. లోపలికి పరిగెత్తి వయొలిన్ తెచ్చి తీగ శ్రుతి చేసి మీటింది, నిజమే. కాగితం మీద వేసి చూస్తే తెలిసింది. తలుపు కొట్టే వేగం సెకనుకి 720 సార్లు అనుకుంటే, మూడింటికి ఒకటి 240, నాలుగింటికి 180, ఐదింటికి 144, ఆరింటికి 120. 120ని సా అనుకుంటే 144 సాధారణ గాంధారం, 180 పంచమం, 240 తారస్థాయి షడ్జం. ఎవరూ శ్రుతి చెయ్యలేదు, ఉత్త భాగహారంలోంచి స్వరాలు పుట్టాయి! తనకి భిన్నాలంటే భయం, ఆ రోజు మాత్రం 3/2 అంటే పా అని తనే నాకు చెప్పింది. ఒక మెట్టు మీద ఉండగా నాబ్ కొంచెం కదిపితే స్వరం మారదు గాని గొంతు మారుతుంది, కాస్త ముక్కుతో పాడినట్టు, మళ్లీ కాస్త నిండుగా. దానితో గంటలు గడిచిపోతాయి.

ఇక్కడే పక్కన పడేసిన 100 నాబ్ పనికొచ్చింది. 500తో మెట్లు మరీ ఇరుకు, వెంట్రుకవాసి కదిలితే రెండు మెట్లు దాటిపోతాయి. రెండో నాబ్ స్థానంలో మళ్లీ 100 పెట్టాం, అదే వేగం దగ్గర మొత్తం తిరుగుడులో ఎనిమిది మెట్లు విశాలంగా వస్తాయి. మొదటి నాబ్ మాత్రం 500 ఉండాల్సిందే.

స్పీకర్‌ని ఉత్తగా వదిలేస్తే పీలగా మోగుతుంది, ముందు వైపు శబ్దాన్ని వెనక వైపుది మింగేస్తుంది. ఖాళీ బిస్కెట్ల రేకు డబ్బా మూతకి రంధ్రాలు చేసి బిగించాం, బొంగురుగా నిండుగా వస్తోంది. బ్యాటరీలకి ఖర్చు ఎక్కువని తర్వాత పాత ఫోన్ ఛార్జర్ వైరు కోసి 5 వోల్టులు ఇచ్చాం, ఈ ఐసీకి 4.5 నుంచి చాలు, శబ్దం కాస్త తగ్గుతుంది అంతే. మొదటి నాబ్ స్థానంలో వెలుతురుని బట్టి మారే ఎల్‌డీఆర్ పెట్టి, కరెంటు పోయిన రాత్రి టార్చి లైటుతో వాయించడం మా ఇంట్లో అందరికీ ఇష్టమైన ఆట. మా అమ్మ కూడా చెయ్యి అడ్డం పెట్టి స్వరం దించుతుంది.

లోపాలు లేవని కాదు. దీని మీద పాట వాయించడం కష్టం, పిల్లలకి కీబోర్డ్ బొమ్మ కావాలంటే ఇది కొనకండి. చవక నాబులు ఏడాది దాటాక తిప్పినప్పుడు బరబరమంటాయి, మావి మార్చాల్సి వచ్చింది. బ్రెడ్‌బోర్డ్ మీదే వదిలేస్తే వైర్లు వదులై మాటిమాటికీ ఆగిపోతుంది. విడిగా కొంటే నాకు కిట్ ధరలో సగమే అయ్యింది, గుజరాతీ గల్లీ గాని చెన్నై రిచీ స్ట్రీట్ గాని దగ్గరగా ఉన్నవాళ్లు చీటీ రాసుకుని వెళ్లడమే మంచిది. ఊళ్లో ఉండేవాళ్లకి కిట్టే నయం.

తను ఇప్పుడు తొమ్మిదో తరగతి. రెండో నాబ్ చుట్టూ గోళ్ల రంగుతో సా, గ, పా, పై సా అని చుక్కలు పెట్టుకుంది, మొదటి నాబ్ ఎక్కడ ఉండాలో కూడా ఒక చుక్క. బ్యాటరీ పెట్టినా ఛార్జర్ పెట్టినా ఆ చుక్కలు పెద్దగా తప్పవు, ఎందుకంటే 555 కెపాసిటర్‌ని నింపి ఖాళీ చేసే హద్దులు వచ్చే వోల్టేజీలో మూడో వంతు, మూడింట రెండు వంతులు, వోల్టేజీ తగ్గితే రెండూ కలిసి తగ్గుతాయి. ఈ దసరాకి వచ్చినప్పుడు ఇంకో 556 జోడించి రెండు గొంతులు ఒకేసారి మోగిద్దాం అంది. ఐసీ, సాకెట్ తెచ్చి పెట్టాను.