జాగ్రత్త! డబ్బా కంపెనీది, లోపల బ్రేక్ ప్యాడ్లు మాత్రం డూప్లికేట్

కారుకి ముందు బ్రేక్ ప్యాడ్లు మార్పించబోతున్నవాళ్లు, ముఖ్యంగా బయట స్పేర్ పార్టుల షాపులో కొని తెలిసిన మెకానిక్ చేత వేయించుకునేవాళ్లు, ఓపిగ్గా ఇది చదవండి. పేరున్న కంపెనీ డబ్బాలో పెట్టి నాకు అంటగట్టిన సెట్టు నకిలీదని తిరుమల ఘాట్ దిగుతుంటే తేలింది. కార్లో ఇంటిల్లిపాదీ ఉన్నాం.

డబ్బా చూస్తే ఎవరికీ అనుమానం రాదు. సీలుంది, మెరిసే హోలోగ్రామ్ స్టిక్కరుంది, ఎంఆర్‌పీ ఉంది. దాని మీద 35 శాతం తగ్గించాడు. "కంపెనీ సరుకే సార్, హోల్‌సేల్‌లో ఎత్తాం కాబట్టి మీకీ రేటు" అన్నాడు కౌంటర్లో ఆయన. బిల్లూ ఇచ్చాడు. అందులో "ఫ్రంట్ ప్యాడ్ సెట్టు 1" అని ఉందే తప్ప కంపెనీ పేరు గానీ పార్టు నంబరు గానీ లేవు. ఈ బిల్లు సంగతి మళ్లీ వస్తుంది.

వేయించిన కొత్తల్లో బ్రేకు కాస్త గట్టిగా తొక్కాల్సి వచ్చేది. కొత్త ప్యాడ్లు చక్రంతోపాటు తిరిగే ఇనుప డిస్కుకి ఒరుసుకుని కుదురుకునేదాకా ఎవరికైనా అంతే. ఖాళీ రోడ్డు మీద 60 కిలోమీటర్ల వేగం నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, మధ్యలో చల్లారనిస్తూ ఓ పదిసార్లు తగ్గిస్తే మంచి ప్యాడ్లకి పట్టు వచ్చేస్తుంది. నా బండికి అదంతా చేసినా రాలేదు. పైగా చక్రాల మీద నల్లటి పొడి, తుడిచిన రెండోరోజుకే మళ్లీ పేరుకునేది.

ఇక ఘాట్. రెండో గేరులోనే దిగుతున్నాం. సగం దూరం వచ్చేసరికి కాలిన వాసన మొదలైంది. ఆ తర్వాతి మలుపులో పెడల్ రాయిలా గట్టిగా ఉంది గానీ బండి వేగం తగ్గట్లేదు. మొదటి గేరులోకి దించి, హ్యాండ్ బ్రేకు కొంచెం కొంచెంగా లాగుతూ, రోడ్డు వెడల్పుగా ఉన్నచోట పక్కకి తీసి ఆపాను. చక్రం సందుల్లోంచి పొగ. వెనక కారాయన పాపం సాయం చేద్దామని నీళ్ల సీసాతో పరుగెత్తుకొచ్చాడు, చక్రం మీద పోయడానికి. వద్దని దండం పెట్టాను. అంతగా కాగిన పోత ఇనుము మీద చన్నీళ్లు పడితే డిస్కు వంకరపోవచ్చు, పగలనూవచ్చు. దానంతటది చల్లారాల్సిందే.

పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే తప్పు సాధారణంగా ప్యాడ్లదే. వాటిలో పొడిని పట్టి ఉంచడానికి కలిపిన జిగురు, అంటే రెసిన్, వేడికి ఆవిరై, ఆ వాయువు ప్యాడ్‌కీ డిస్కుకీ మధ్య చేరి పట్టు తీసేస్తుంది. అలా కాక పెడల్ మెత్తబడి నేలదాకా దిగిపోతే బ్రేక్ ఆయిల్ మరిగిందని అర్థం. ఆయిల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, నీరు చేరినదానికి ఆ హద్దు 155. రెండేళ్లకోసారి మార్చమనేది ఇందుకే. నా బండిలో ఆయిల్ మార్చి ఏడాది కూడా కాలేదు, పెడల్ దిగలేదు. అనుమానం నేరుగా కొత్త ప్యాడ్ల మీదికే పోయింది.

ఊరికొచ్చాక మా మెకానిక్ బాబాయ్ చక్రం ఊడదీశాడు. ఎడమవైపు బయటి ప్యాడ్‌లో ఒక మూల బొటనవేలంత ముక్క ఎగిరిపోయి ఉంది. మిగిలినదానికి అడ్డంగా పగులు. స్క్రూడ్రైవర్ మొన పెట్టి మెల్లగా ఎత్తితే ప్యాడ్ మెటీరియల్ మొత్తం వెనక రేకు నుంచి బెరడు ఊడినట్టు వచ్చేసింది, కింద పసుపురంగు జిగురు గీతలు! అసలు సరుకులో ఆ మెటీరియల్‌ని వేడితో, ఒత్తిడితో రేకుకి అచ్చుపోసి పట్టిస్తారు, చాలావాటిలో రేకుకున్న రంధ్రాల్లోకి కూడా దిగి ఉంటుంది. "చూడబ్బాయ్, అట్టముక్క అంటించినట్టు అంటించాడు" అన్నాడు బాబాయ్. ప్యాడ్లని డిస్కుకి నొక్కే కాలిపర్ అటూఇటూ జారే పిన్నులు కూడా లాగి చూపించాడు. రెండూ సాఫీగా జారుతున్నాయి, గ్రీజు ఉంది. అది ముందే చూడటం మంచిదైంది, ఎందుకంటే పిన్ను బిగుసుకుపోతే ప్యాడ్ ఎప్పుడూ డిస్కుని ఒరుసుకుంటూనే ఉండి, మంచిదైనా కాలిపోతుంది. షాపువాడు మొదట పట్టుకునే సాకు అదే.

షాపుకి వెళ్లి అడిగితే, అనుకున్నట్టే వాడు అదే అన్నాడు. తర్వాత "ఘాట్‌లో బ్రేకు మీదే కాలుపెట్టి దిగుంటారు" అన్నాడు. చివరికి బిల్లు చూసి, "ఇందులో ఆ కంపెనీ పేరెక్కడుంది సార్?" అన్నాడు. బిల్లులో పేరు రాయకపోవడం మరుపు కాదు, వాళ్ల పద్ధతి. అంతటితో ఆగక, డిస్కుల మీద వేడికి పడ్డ నీలం మచ్చలు చూసి, లేత్ పట్టించి, అంటే మిషన్ మీద పైపొర చెక్కించి ఇస్తానన్నాడు, సగం రేటుకి!

దీనికి మాత్రం ఒప్పుకోకండి, కొలవకుండా. సాధారణంగా డిస్కు మీదే కనీస మందం ఎంతో పోతలోనో చెక్కో ఉంటుంది, "మిన్ టీహెచ్" అని పక్కన అంకె. చాలా చిన్న కార్లలో కొత్త మందానికీ దానికీ తేడా 2 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే, లేత్ మీద ఒకసారి పెడితే అందులో ఎంత మిగులుతుంది? కొలిచేటప్పుడు మందం కొలిచే వెర్నియర్ పరికరాన్ని అంచున పట్టించనివ్వకండి. అంచున ప్యాడ్ తగలని గట్టు అరగకుండా నిలిచి ఉంటుంది, కొలత ఎక్కువ చూపిస్తుంది. రెండు ఒకేరకం నాణేలు తీసుకుని అరిగిన భాగానికి చెరోవైపూ పెట్టి కొలిచి, నాణేల మందం తీసేయండి. మా డిస్కులు హద్దు దగ్గరికి వచ్చేశాయి, జత మార్చాల్సొచ్చింది. నాలుగు ప్యాడ్ల డబ్బు పోయిందనుకుంటే డిస్కుల డబ్బూ పోయింది.

కొనేముందు డబ్బాని వదిలేసి ప్యాడ్‌ని చేత్తో పట్టుకుని చూడండి. వెనక రేకు మీద పార్టు నంబరు, బ్యాచ్ నంబరు చెరిగిపోని అచ్చులో ఉండాలి, డబ్బా మీద నంబరుతో కలవాలి. నాకిచ్చినదాంట్లో నంబరు సిరాతో కొట్టారు, గోటికే చెరిగింది. చాలా కంపెనీలు "ఎఫ్ఎఫ్" లాంటి రెండక్షరాల కోడు కూడా వేస్తాయి. మొదటిది మామూలు వేడిలో పట్టుకి, రెండోది బాగా కాగినప్పటి పట్టుకి. అంచులు నున్నగా ఉండాలి, నలుసులు రాలకూడదు, నాలుగింటి మందం ఒకేలా ఉండాలి. బిల్లులో కంపెనీ పేరు, పార్టు నంబరు రాయమనండి. "కంప్యూటర్‌లో అలా రాదు సార్" అంటే ఆ షాపు మెట్లు దిగేయండి. పాతవి మెకానిక్ దగ్గర వదలకండి, మెటీరియల్ 3 మిల్లీమీటర్లకి పైనే ఉంటే అసలు మార్చాల్సిన అవసరమే ఉండి ఉండకపోవచ్చు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు పెట్టాను, ప్యాడ్ల ఫొటోలు ఆ కంపెనీకీ పంపాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల దాకా చెల్లించిన సరుకుకి ఫీజు లేదు, అక్కడికీ వెళ్తాను. విరిగిన ప్యాడ్, డబ్బా, బిల్లు మూడూ కవర్లో భద్రంగా ఉన్నాయి. మీలో ఎవరికైనా ఇలా జరిగుంటే ప్యాడ్ ముక్కలు పారేయకండి, మెకానిక్ ఊడదీస్తుండగానే ఫోన్‌లో వీడియో తీయించండి.