అనంతం గుర్తుకు ఇవతల ఒక తెల్ల గీత: 15 ఎంఎం మాన్యువల్ లెన్స్‌తో మూడేళ్లు

చాలా వెడల్పైన దృశ్యాన్ని పట్టే (అల్ట్రావైడ్) ఈ లెన్స్‌లో మోటారు లేదు. కెమెరాతో మాట్లాడే కాంటాక్టులు లేవు. ఒక లోహపు గొట్టం, కొన్ని గాజులు, రెండు రింగులు, అంతే. మూడేళ్ల కిందట కొన్నప్పుడు నా భయమంతా ఫోకస్ గురించే. ఆటోఫోకస్‌కు అలవాటు పడిన చేతికి ఇది లొంగుతుందా అని. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఫోకస్ తప్పి పాడైన ఫోటోలు కొద్దిగానే కనిపిస్తున్నాయి. కెమెరాను కాస్త పైకెత్తినందువల్లో, రెండడుగులు ముందుకు వేయడానికి బద్ధకించినందువల్లో చెడినవి మాత్రం హార్డ్ డిస్క్ నిండా ఉన్నాయి.

మొదటి రోజు కెమెరా ఫోటో తీయనే లేదు. దాని దృష్టిలో ముందు లెన్సే లేదు మరి. లెన్స్ లేకున్నా షట్టర్ పనిచేయనిచ్చే సెట్టింగ్ మెనూలో ఎక్కడో అట్టడుగున ఉంటుంది, వెతికి ఆన్ చేసుకోవాలి. చేతి వణుకును సరిచేయడానికి సెన్సార్‌ను కదిలించే స్టెబిలైజేషన్ కెమెరా బాడీలో ఉంటుంది, దానికి ఫోకల్ లెంగ్త్ (లెన్స్ పేరులోని ఎంఎం అంకె) కూడా మనమే చెప్పాలి. అంతకుముందు ఒక పాత 50 ఎంఎం లెన్స్ వాడి, ఆ అంకె మార్చడం మరిచిపోయాను. లెన్స్ 15 అయితే సెన్సార్ 50కి తగ్గట్టు ఊగింది. చేయి వణికిన దానికంటే దాన్ని సరిచేయబోయిన కదలికే ఎక్కువై, నిదానమైన షట్టర్‌తో తీసినవన్నీ అలికినట్టు వచ్చాయి. రెండు వారాల పాటు లెన్స్‌ను తిట్టుకున్నాను, పాపం.

ఫోకస్ సంగతికి వస్తే, పుస్తకాల లెక్క ఎంతో ఆశ పెడుతుంది. పాత ఫిల్మ్ ఫ్రేమంత ఉండే ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్‌కు మసక చుక్క హద్దు, అంటే కంటికి ఇంకా స్పష్టంగానే తోచే చుక్క వెడల్పు, 0.03 మిల్లీమీటర్లని పాతకాలపు లెక్క. దాని ప్రకారం 15 ఎంఎం దగ్గర అపెర్చర్‌ను (వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) ఎఫ్/8కి పెట్టి 95 సెంటీమీటర్లకు ఫోకస్ చేస్తే, దాదాపు 48 సెంటీమీటర్ల నుంచి అనంతం దాకా అంతా స్పష్టంగా ఉండాలి. లెన్స్ మీద చెక్కిన స్కేలూ ఆ మాటే చెబుతుంది. నేను నమ్మాను. ఇంటికి వచ్చి తెర మీద పెద్దది చేసి చూస్తే దూరాన ఉన్న కొండలు మెత్తబడి ఉన్నాయి. నా సెన్సార్‌లో 4.5 కోట్ల పిక్సెళ్లు. అంత సన్నటి పిక్సెళ్ల మీద 0.03 మిల్లీమీటర్ల చుక్క దాదాపు ఏడు పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది. చిన్న ప్రింట్‌లో కన్ను పట్టుకోదు, తెర మీద దాచలేం. అందుకే ఇప్పుడు ఎఫ్/8 దగ్గర రింగును రెండు మీటర్ల మీద ఉంచుతాను. ఒక మీటరు నుంచి అనంతం వరకు నాకు నచ్చినంత పదును వస్తుంది. అంతకంటే దగ్గరి వస్తువు కావాలంటే ఫోకస్ మార్చి రెండు ఫోటోలు తీసి కలుపుతాను.

లెన్స్ చెప్పే మాటల్లో అసలు నమ్మకూడనిది అనంతం గుర్తు. నా లెన్స్‌లో రింగు ఆ గుర్తును దాటి ఇంకొంచెం తిరుగుతుంది. వేడికి, చలికి లోహం సాగడం, ముడుచుకోవడం ఉంటుంది కాబట్టి ఆ వెసులుబాటు పెడతారు. నా దాంట్లో నిజమైన అనంతం ఆ గుర్తు కంటే వెంట్రుకవాసి ముందే వస్తుంది. వెంట్రుకవాసి అని ఊరికే అనడం లేదు. 15 ఎంఎం లెన్స్‌లో పది మీటర్ల దూరానికీ అనంతానికీ మధ్య గాజు కదలాల్సింది 0.02 మిల్లీమీటర్ల పైచిలుకు మాత్రమే. వేరే కెమెరా లెన్స్‌ను తగిలించడానికి మధ్యలో పెట్టే అడాప్టర్ మందం అంత మేర తేడాగా ఉన్నా స్కేలు మొత్తం అబద్ధమవుతుంది. 85 ఎంఎం లెన్స్‌తో ఏ ఇబ్బందీ పెట్టని అడాప్టర్ అల్ట్రావైడ్ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు గుట్టు విప్పుకుంటుందో నాకు అప్పుడు అర్థమైంది.

ఒక రాత్రి ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, ఎఫ్/2 దగ్గర ఒక ప్రకాశవంతమైన నక్షత్రాన్ని తెర మీద పెద్దది చేసుకున్నాను. రింగు ఇటు తిప్పితే నక్షత్రం పొంగుతుంది, అటు తిప్పితే సూదిమొనంత అవుతుంది, మరి కాస్త తిప్పితే మళ్లీ పొంగుతుంది. సూదిమొన దగ్గర ఆపి, గుండుసూదితో రింగు మీద తెల్లరంగు గీత పెట్టాను. మూడేళ్లలో ఈ లెన్స్‌కు నేను చేసిన మేలైన పని అదే. గీత రెండుసార్లు చెరిగితే మళ్లీ పెట్టాను. చలి బాగా ఉన్న రాత్రుల్లో మాత్రం గీతనూ పూర్తిగా నమ్మను, మళ్లీ నక్షత్రాన్ని చూసుకుంటాను.

ఫోకస్‌లో ఉన్న అంచులను తెర మీద రంగుతో చూపించే ఫోకస్ పీకింగ్ గురించి చాలామంది గొప్పగా చెబుతారు. దూరాన్ని దగ్గర చేసే టెలీ లెన్స్‌తో సరే. ఇంత వెడల్పైన లెన్స్‌తో ఎఫ్/8 దగ్గర గడ్డిపరక నుంచి మేఘం దాకా అన్నీ ఎర్రగా వెలుగుతాయి. అందరికీ నూటికి నూరు మార్కులు వేసే మాస్టారు లాంటిది అది. అపెర్చర్ పూర్తిగా తెరిచి, చిత్రాన్ని పెద్దది చేసి ఫోకస్ పెట్టి, ఆ తర్వాత ఎఫ్/8కి మూయడమే నా పద్ధతి.

ఇక ఆకారాలు. ఈ లెన్స్‌లో వక్రత దాదాపు లేదు, గోడలు, స్తంభాలు గీత గీసినట్టు వస్తాయి. ఆ నిటారుతనానికి మూల్యం అంచుల్లో చెల్లిస్తాం. అడ్డంగా సుమారు 100 డిగ్రీలు పట్టే చిత్రంలో ఒక గుండ్రటి వస్తువు మధ్యలో గుండ్రంగానే ఉంటుంది, అంచుకు చేరేసరికి వెడల్పు ఎత్తు కంటే ఒకటిన్నర రెట్లకు పైగా అవుతుంది. సిద్ధాంతంగా తెలిసినా, ఇంట్లో జరిగిన ఒక శుభకార్యంలో ఇరుకు గదిలో అందరినీ నిలబెట్టి తీశాను. చివరన నిలబడ్డ పిన్ని ఫోటో చూసి, “ఏం నాయనా, నా తల గుమ్మడికాయలా ఉందా?” అని అడిగింది. జవాబు లేదు. ఆ తర్వాత మనుషులను నడి భాగం దాటి నిలబెట్టలేదు.

కెమెరా పైకి వాలితే భవనాలు వెనక్కి పడిపోతున్నట్టు వస్తాయి. ఒక డిగ్రీ వాలినా కనిపెట్టవచ్చు. తెర మీద లెవెల్ గీతలు ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచుతాను. అయితే కెమెరాను తిన్నగా పెడితే ఫ్రేమ్‌లో సగం నేలే. ఆ నేల ఖాళీగా ఉంటే ఫోటో కూడా ఖాళీగానే ఉంటుంది. అల్ట్రావైడ్ కొనేవాళ్లు “అంతా పడుతుంది” అని కొంటారు, నేనూ అలాగే కొన్నాను. అంతా పడుతుంది నిజమే, కాకపోతే అంతా చీమంత అయి పడుతుంది. దగ్గరగా ఒక వస్తువు కావాలి. దగ్గరంటే నిజంగా దగ్గర. ఈ లెన్స్ 15 సెంటీమీటర్ల వరకు ఫోకస్ చేస్తుంది. ఆ దూరాన్ని సెన్సార్ నుంచి కొలుస్తారు కాబట్టి ముందు గాజుకూ వస్తువుకూ మధ్య మిగిలేది నాలుగైదు సెంటీమీటర్లే. ఒక బండ మీది నాచును తీయబోతే లెన్స్ నీడే దాని మీద పడింది. సూర్యుడు పక్కకు వచ్చేదాకా మోకాళ్ల మీద కూర్చున్నాను. ఆ ఫోటోలో నాచు పొలమంత ఉంది, వెనక కొండ వేలెడంత. ఈ లెన్స్‌తో తీసిన వాటిలో గోడకు తగిలించుకున్నది అదొక్కటే.

నక్షత్రాలు గీతలు కాకుండా షట్టర్‌ను ఎన్ని సెకన్లు తెరిచి ఉంచవచ్చో తెలియడానికి, ఆకాశం తీసేవాళ్లు 500ను ఫోకల్ లెంగ్త్‌తో భాగించమంటారు. 15కి 33 సెకన్లు వస్తాయి. అన్ని సెకన్లకు నా సెన్సార్‌లో నక్షత్రాలు చిన్న గీతలవుతున్నాయి. 15 సెకన్లు దాటను. ఎఫ్/2 దగ్గర మూలల్లోని నక్షత్రాలకు రెక్కలు మొలుస్తాయి, ఎఫ్/2.8 దగ్గర చాలావరకు ముడుచుకుంటాయి. మూలల చీకటి మాత్రం తీవ్రంగానే ఉంది. సాఫ్ట్‌వేర్‌లో పైకి లాగితే గరుకుదనం తేలుతుంది, అందుకే సగమే సరిచేసి వదిలేస్తాను. ఆకాశపు నీలాన్ని ముదురు చేసే పోలరైజర్ ఫిల్టర్ కొని డబ్బు దండగ చేసుకోవద్దు, ఇంత వెడల్పులో నీలి ఆకాశం ఒక పక్క నల్లగా, మరో పక్క తెల్లగా వస్తుంది. అపెర్చర్ ఆకులు ఏడు కాబట్టి ఎఫ్/11 దగ్గర సూర్యుడికి పద్నాలుగు కిరణాలు, అందంగానే ఉంటాయి.

చికాకు పెట్టేది అపెర్చర్ రింగు. క్లిక్కులు తీసేసే మీట ఒకటి పక్కనే ఉంది, సంచిలో అది జరిగిపోతే రింగు తగిలినప్పుడల్లా జారి తిరుగుతుంది. ఒక సాయంత్రమంతా ఎఫ్/22 మీద తీశాను. వ్యూఫైండర్ వెలుతురును తనే సర్దుకుంటుంది, ఫోటో వివరాల్లో అపెర్చర్ అంకె నమోదు కాదు, ఇక తెలిసేదెలా? ఐఎస్ఓ (సెన్సార్ సున్నితత్వపు అంకె) ఎందుకు అంత పెరిగిందో అడగాల్సింది, అడగలేదు. ఇప్పుడు మీట మీద నల్ల టేపు ఉంది.

పరుగెత్తే పిల్లలను, పెళ్లి సందడిని తీసేవాళ్లు దీని జోలికి పోకండి. ఆటోఫోకస్ ఉన్న వైడ్ జూమ్ ఒకటి స్నేహితుడి దగ్గర తీసుకుని వారం వాడాను. పగలు హాయిగా ఉంది. రాత్రి బ్యాటరీ మార్చాక కెమెరా ఆన్ చేస్తే, అంత కష్టపడి పెట్టిన ఫోకస్ ఎటో పోయింది. దాని రింగుకు మొదలూ తుదీ లేవు, గీత పెట్టుకుందామన్నా చోటు లేదు. మర్నాడే తిరిగి ఇచ్చేశాను.