ఐటీఎస్ సీక్వెన్సింగ్ సర్వీసు: రిపోర్టు కన్నా రా ఫైలే విలువైంది

తామర మందుకు లొంగకపోతే కల్చర్‌ను (గీరిన చర్మం నుంచి పెంచిన ఫంగస్‌ను) డీఎన్ఏ చదివే ప్రైవేటు సీక్వెన్సింగ్ ల్యాబుకు పంపి ‘ఫంగల్ ఐడెంటిఫికేషన్’ చేయించడం ఇప్పుడు మామూలైంది. ప్యాకేజీ ఎక్కడ తీసుకున్నా ఇంచుమించు ఒకటే. డీఎన్ఏ తీస్తారు, ఫంగస్ జాతిని గుర్తుపట్టడానికి వాడే ఐటీఎస్ అనే డీఎన్ఏ ముక్కను ఐటీఎస్1, ఐటీఎస్4 ప్రైమర్లతో (ముక్క చివర్ల అతుక్కునే చిన్న డీఎన్ఏ పోగులు) పీసీఆర్ చేసి కాపీలు పెంచుతారు, శాంగర్ పద్ధతిలో బేసు తర్వాత బేసుగా (డీఎన్ఏ అక్షరాలుగా) చదువుతారు, సీక్వెన్సులను పోల్చి వెతికే బ్లాస్ట్‌లో వేసి పైన వచ్చిన పేరును రిపోర్టులోకి దించేస్తారు. మొదటి మూడు పనులకు వంక పెట్టనక్కర్లేదు. పేచీ అంతా చివరిదానితోనే.

‘ట్రైకోఫైటాన్ మెంటాగ్రోఫైటిస్, 99.5 శాతం’ అని రిపోర్టు వస్తుంది. ఫస్ట్ ర్యాంకు మార్కుల్లా కనిపిస్తుంది గానీ, లెక్క వేసి చూడండి. చదివింది 650 బేసులైతే ఒక్క బేసు తేడా అంటే 0.15 శాతం. 99.5 అంటే మూడు బేసులు కలవలేదన్నమాట. ఈ గుంపులో జాతి మారిపోవడానికి ఆ మాత్రం తేడా చాలు. ట్రైకోఫైటాన్‌లోనే టాన్సురాన్స్ జాతికీ, గుర్రాలకు పట్టే ఈక్వినమ్ జాతికీ ఐటీఎస్‌లో ఉన్న తేడా ఒకే ఒక్క బేసు. అలాంటప్పుడు శాతంతో పని లేదు, ఏ స్థానంలో ఏ బేసు ఉందో చూడాలి.

మన దేశంలో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. ఇక్కడ మొండి తామరకు ఎక్కువగా కారణమవుతున్న ట్రైకోఫైటాన్ ఇండోటినియేకు ఆ పేరు పెట్టింది 2020లో, జపాన్‌లో. అంతకుముందు దాన్ని మెంటాగ్రోఫైటిస్ ఐటీఎస్ జీనోటైప్ 8 అనేవాళ్లు, కొందరు ఇంటర్‌డిజిటేల్ అనే రాసేవాళ్లు. అప్పట్లో జెన్‌బ్యాంక్‌లో (బ్లాస్ట్ వెతికే డేటాబేసులో) చేర్చిన సీక్వెన్సులు చాలావరకు పాత పేర్లతోనే ఉండిపోయాయి. అందుకే ఒకే సీక్వెన్సుకు మూడు పేర్లూ నూటికి నూరు శాతంతో వరసగా కనిపిస్తాయి. రిపోర్టు రాసేవాళ్లు పైదాన్ని తీసుకుంటారు, అంతే. విరుగుడు సులువే: బ్లాస్ట్‌లో టైప్ మెటీరియల్‌కే (జాతి పేరుకు ప్రామాణికంగా ఉంచిన నమూనాలకే) పరిమితం చేసే గడిలో టిక్కు పెట్టి మళ్లీ వెతకండి. తర్వాత ఆ రిఫరెన్సు సీక్వెన్సుల పక్కన మీది పెట్టి అలైన్ చేయండి.

అందుకే ఆర్డరు పెట్టేటప్పుడే ఏబీ1 ఫైళ్లు (సీక్వెన్సింగ్ యంత్రం ఇచ్చే రా ఫైళ్లు) కావాలని, ఫార్వర్డ్, రివర్స్ రెండు వైపులా చదవాలని రాయించుకోవాలి. ఒకవైపే చదివితే చవక, నిజమే. కానీ శాంగర్ రీడ్‌లో మొదటి 30–50 బేసులు అలుక్కుపోయి ఉంటాయి. ఐటీఎస్1 ప్రైమర్ దాటాక పదీ పన్నెండు బేసులకే, అదే పేరున్న అసలు ఐటీఎస్1 భాగం మొదలవుతుంది కాబట్టి పోయేది పనికొచ్చే చోటే. రివర్స్ రీడ్ ఆ లోటు తీరుస్తుంది. ఇంకాస్త వెనక నుంచి మొదలయ్యే వీ9జీ ప్రైమర్ వాడే ల్యాబైతే మరీ మంచిది. ఫైలు తెరిచి తేడా ఉన్న ప్రతి స్థానం దగ్గరా శిఖరాన్ని (గ్రాఫులో ఒక్కో బేసుకు ఒక్కో రంగులో లేచే మొనను) కళ్లారా చూడండి. క్వాలిటీ స్కోరు 20 లోపు ఉంటే ఆ బేసును నమ్మి జాతి పేరు మార్చకండి.

ఒకే చోట రెండు రంగుల శిఖరాలు ఒకదాని మీద ఒకటి కనిపించాయంటే, ముందు అనుమానించాల్సింది మీ కల్చర్‌నే. ఐటీఎస్ ప్రైమర్లు దాదాపు ఏ ఫంగస్‌కైనా అతుక్కుంటాయి. చర్మం గీరిన పొట్టునే నేరుగా పంపితే మలసేజియా, క్యాండిడా, గాల్లోంచి పడిన ఆస్పర్‌జిల్లస్ అన్నీ కలిసి చదవబడతాయి. ఇతర ఫంగస్‌లనూ, బ్యాక్టీరియానూ ఆపే సైక్లోహెక్సిమైడ్, క్లోరాంఫెనికాల్ కలిపిన సబురాడ్ అగార్ మీద పెంచి, కాలనీ అంచు నుంచి తీసి మళ్లీ సబ్‌కల్చర్ చేసి పంపండి. వారం, పది రోజుల లేత కల్చర్ చాలు. ముదిరితే పాలీశాకరైడ్లు డీఎన్ఏతో పాటే వచ్చి పీసీఆర్‌ను అడ్డుకుంటాయి. ‘యాంప్లిఫికేషన్ రాలేదు’ అని మెయిలొస్తే కొత్త శాంపిల్ పంపేలోపు, డీఎన్ఏను పదింతలు పలచన చేసి మళ్లీ పెట్టమనండి. చాలాసార్లు బ్యాండు పడుతుంది, అంటే పీసీఆర్ పనిచేసినట్టే. పెట్రి ప్లేట్లు మాత్రం కొరియర్లో వేయకండి, ఎండాకాలం లోపలంతా నీరుకారి కలగాపులగమవుతుంది. మూత బిగించి పారాఫిల్మ్ చుట్టిన స్లాంట్లే (అగార్‌ను వాలుగా గడ్డకట్టించిన గొట్టాలే) పంపాలి.

ఈ సర్వీసు ఏం చెప్పదో కూడా తెలిసి కొనాలి. తామరకు వాడే టెర్బినాఫిన్ మందు పనిచేస్తుందా లేదా అన్నది ఐటీఎస్‌లో ఉండదు. అది ఆ మందు గురిపెట్టే స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ అనే ఎంజైము జన్యువులో చూడాలి, ముఖ్యంగా 393, 397 అమైనో ఆమ్ల స్థానాల్లో. 397లో ఫినైల్‌అలనిన్ బదులు ల్యూసిన్ ఉంటే మందు పెద్దగా ఎక్కదు. ఇండోటినియే అని తేలినంత మాత్రాన రెసిస్టెన్స్ ఉన్నట్టు కాదు, తామర తెచ్చే మరో జాతి ట్రైకోఫైటాన్ రూబ్రమ్ అయినంత మాత్రాన లేనట్టూ కాదు. ఆ జన్యువుకు వేరే ప్రైమర్లు, వేరే బిల్లు. డాక్టరుకు కావాల్సిన జవాబు అదే అయితే రెండూ ఒకే ఆర్డర్లో పెట్టడం మేలు, ఒకసారి తీసిన డీఎన్ఏ రెండింటికీ సరిపోతుంది.

రూబ్రమా, మెంటాగ్రోఫైటిస్ గుంపా అన్నంతవరకే తెలియాలంటే ఇంత ఖర్చు దండగ. యూరియాను విడగొడుతుందో లేదో చూపే యూరియేజ్ స్లాంటూ, మైక్రోస్కోపూ చాలావరకు ఆ పని కానిచ్చేస్తాయి. మామూలు తామరకైతే కేఓహెచ్ మౌంటు (చర్మం పొట్టును పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేసి మైక్రోస్కోపులో చూడటం) చాలు.