వైజాగ్ క్రూయిజ్: ఓడకి నాలుగు స్టార్లు, ఊరు చూపించిన బస్సుకి ఒకటిన్నర

చెన్నైలో ఎక్కి వైజాగ్, పాండిచ్చేరి తిరిగి మళ్ళీ చెన్నైలో దిగే క్రూయిజ్‌కి అమ్మానాన్నల్ని తీసుకెళ్ళా. ఓడ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, కేబిన్ నీట్‌గా ఉంది, పూల్ దగ్గర డీజే గోల ఎక్కువ, తిండి బానే ఉంది గానీ రెండో పూటకే నాన్న ఆవకాయ అడగడం మొదలెట్టారు. నేను రాయాలనుకుంది వైజాగ్‌లో దిగాక సంగతి.

ముందు మంచి. నిద్ర చెడినా సరే తెల్లారే డెక్ మీదకి వెళ్ళండి. ఓడ లోపలికి తిరిగేటప్పుడు ఎడమ పక్కన డాల్ఫిన్ నోస్ కొండ, దానిమీద లైట్‌హౌస్, ఇంకాస్త లోపలికి రాగానే ఊగడం తగ్గిపోయి కాఫీ కప్పు టేబుల్ మీద కదలకుండా నిలబడుతుంది. చెన్నై హార్బర్ అంతా మనుషులు రాళ్ళు పోసి కట్టుకున్నదే, ఇక్కడ సగం పని 350 మీటర్ల పైచిలుకు కొండ చేసిపెట్టింది, 1933లో పోర్టు మొదలైంది కూడా ఆ అండతోనే. 2022 జూన్‌లో క్రూయిజ్ వచ్చినప్పుడు ఇప్పుడు మేం దిగిన ఈ క్రూయిజ్ టెర్మినల్ లేదు, 2023 సెప్టెంబర్‌లో ఓపెన్ చేశారు, దాదాపు 96 కోట్లు, రెండు వేల మంది దాకా పడతారంట. అమ్మ మోకాళ్ళకి వీల్‌చెయిర్ అడిగితే వెంటనే వచ్చింది, థాంక్స్.

ఇక బస్సు. టూర్‌వాళ్ళ పేరు రాయను గానీ వాళ్ళకి ఊరు తెలుసో లేదో డౌటే. మామూలు రోజు పొద్దున్నే బీచ్ రోడ్డులో కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం ముందు దింపారు, గేటుకి తాళం! పక్కన ముంజలమ్మే ఆవిడ నవ్వి "ఏటి బాబూ, మద్దేనం గానీ తియ్యరు కదా" అంది. వైజాగ్ మొత్తమ్మీద అరుదైన వస్తువు అది, అసలు సబ్‌మెరైన్ లోపలికెళ్ళి నడవొచ్చు, దాన్ని బయటనుంచి ఫొటో తీసుకుని ఎక్కేశాం. తర్వాత షాపింగ్ మాల్‌లో గంట. మాల్ చెన్నైలో లేదా అండీ?

అరకు ఎందుకు లేదని అడిగేవాళ్ళకి, అది కుదరదు, దారిలో ఉన్న బొర్రా గుహలే 90 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు, అరకు వెళ్ళే కిరండూల్ రైలేమో ఓడ దిగేలోపే వెళ్ళిపోతుంది. దగ్గర్లో ఉన్నవి చాలవా? ఓల్డ్ టౌన్‌లో పోర్టుకి ఎదురుగానే చర్చి, దర్గా, వెంకన్న గుడి మూడు కొండల మీద ఉన్నాయి, తొట్లకొండ బౌద్ధ స్తూపం ఉంది, ఫిషింగ్ హార్బర్ కూతవేటు దూరం. టెర్మినల్ దగ్గరే నాలుగు స్టాళ్ళు వేసి ఏటికొప్పాక బొమ్మలు, పొందూరు ఖద్దరు, అరకు కాఫీ పెడితే దిగినోళ్ళందరూ కొంటారు, మా అమ్మ అయితే బొమ్మల కోసమే వెతికింది.

ఈ ఓడలు ఇటు వచ్చేదే అరేబియా సముద్రం వానలకి పోటెత్తే నెలల్లో, అంటే ఏడాదిలో కొన్నాళ్ళే, ఆ కొన్నాళ్ళూ జనాన్ని మాల్‌కి తోలితే ఎలా.

వెళ్ళేవాళ్ళు ఓడలో టూర్ కొనకండి, బయట టాక్సీ మాట్లాడుకుని ముందు తొట్లకొండ, మధ్యాహ్నం సబ్‌మెరైన్ పెట్టుకోండి, సోమవారమైతే దానికి సెలవు. ఓడ టైముకి గంట ముందే టెర్మినల్ చేరండి.