పెద్దాపరేషనా, లూపా? గర్భసంచి తీయించే ముందు వేసుకోవాల్సిన లెక్క

అనంతపురంలో మాకు మందుల షాపుంది. కళ్యాణదుర్గం, ఉరవకొండ వైపు నుంచి ఆసుపత్రికి వచ్చిన ఆడవాళ్లు, మా ఆయన బిల్లు రాస్తుంటే నన్ను పక్కకు పిలుస్తారు. క్యారీబ్యాగులోంచి స్కానింగ్ కాగితం తీసి, "అక్కా, సంచి తీసేయాలంటున్నారు. తీయించేద్దునా?" అని అడుగుతారు. నేను డాక్టర్ని కాను. కానీ నాకూ 46 ఏళ్లు. రెండేళ్లు ముట్టు విపరీతంగా అయి హిమోగ్లోబిన్ 7.8కి దిగితే, పోయినేడు ఇదే ప్రశ్న నా ముందుకూ వచ్చింది. నేను సంచి లోపల పెట్టే హార్మోన్ లూప్ వేయించుకున్నాను. నా మాట కొంచెం అటే మొగ్గుతుంది, ముందే చెప్పేస్తున్నా.

మాత్రల సంగతి రెండు ముక్కల్లో. ట్రానెక్సామిక్ యాసిడ్ ముట్టు రోజుల్లోనే వేసుకునేది. ఆ నెలకు రక్తం తగ్గుతుంది, అంతే. కాళ్లలో రక్తం గడ్డకట్టినవాళ్లు దాని జోలికి పోకూడదు. నోరెథిస్టిరాన్ అంటే తిరుమలకు పోయేముందు ముట్టు వాయిదాకని అడిగి తీసుకుపోతారే, ఆ మాత్రే. డాక్టరు రాస్తే రక్తస్రావానికీ వాడతారు. బెలూన్‌తో సంచి లోపలి పొరను కాల్చే పద్ధతి ఇంకొకటుంది, ఇక పిల్లలు వద్దనుకున్నవాళ్లకు.

అసలు పోటీ ఆపరేషన్‌కీ లూప్‌కీ.

ఆపరేషన్‌ని తీసిపారేయలేం. క్యాన్సరైనా, సంచి బాగా కిందికి జారినా, సంచిలో పెరిగిన పెద్ద గడ్డ మూత్రాశయాన్ని నొక్కుతున్నా చాలాసార్లు తీయించుకోవాల్సే వస్తుంది. శెనక్కాయ చేలో పనికి పోయే మనిషికి నెలలో పది రోజులు బట్ట మార్చుకునే చాటు కూడా దొరకదు. ఆమె "ఈ పీడ ఒక్కసారిగా పోతే చాలక్కా" అంటే కాదనడానికి నాకు నోరు రాదు. కాకపోతే ఆపరేషనయ్యాక ఆరు వారాలన్నా బరువు ఎత్తొద్దంటారు. నీళ్ల బిందె ఎవరెత్తాలో ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి.

నా దృష్టిలో తేల్చేది ఖర్చు కాదు, నొప్పీ కాదు. వయసు, అండాశయాలు. మన దేశంలో ముట్టు దానంతటది ఆగేది సగటున 46, 47 ఏళ్లకు. అందులోంచి మీ వయసు తీసేయండి. మీకు 45 అయితే రెండేళ్ల కష్టం కోసం కడుపు కోయించుకోవాలా అని ఆలోచించాలి. 35 అయితే ఇంకో పన్నెండేళ్లు ఎముకలకూ గుండెకూ అండాశయాలిచ్చే హార్మోన్ కావాలి. సంచితో పాటు వాటినీ తీసేస్తే ఆ హార్మోన్ ఒక్కసారిగా ఆగిపోతుంది. వాటిని ఉంచినా, సంచి తీశాక ఆ హార్మోన్ ఆగిపోయే దశ కొంత ముందే రావచ్చు.

ఒకామె, 36 ఏళ్లు, కాల్షియం మాత్రలకు వచ్చేది. ఒళ్లంతా పొయ్యి దగ్గర కూర్చున్నట్టు సెగలు, రాత్రిళ్లు చెమటలు, మోకాళ్ల నొప్పులు. ఓసారి డిశ్చార్జి కాగితం తెమ్మన్నాను. అందులో "టీఏహెచ్ విత్ బీఎస్ఓ" అని ఉంది. టీఏహెచ్ అంటే పొట్ట కోసి సంచి తీయడం, బీఎస్ఓ అంటే రెండు అండాశయాలూ, ట్యూబులూ తీసేశారని. ఆమెకు ఆ సంగతే తెలియదు. "సంచొక్కటే అనుకున్నానక్కా" అంది.

ఇది ఒక్కరి కథ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్లవాళ్లలో సంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 3 శాతం పైచిలుకైతే మన రాష్ట్రంలో దాదాపు 9 శాతం. అవసరం లేని ఆపరేషన్లు ఆపమని కేంద్రం 2022లో మార్గదర్శకాలిచ్చింది. వాటిని అమలు చేయాల్సిందేనని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది.

ఇక లూప్. పేరు వినగానే కాపర్-టీ అనుకుని భయపడతారు. కాపర్-టీ రక్తస్రావాన్ని పెంచుతుంది, ఇది తగ్గిస్తుంది. మిరెనా లాంటి వాటిలో 52 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోన్ ఉంటుంది. అది రోజూ కొంచెం కొంచెంగా వదులుతూ సంచి లోపలి పొరను పలచన చేస్తుంది. రక్తస్రావం కోసమైతే ఐదేళ్లు పనిచేస్తుంది. నాకు మొదటి నాలుగు నెలలు రోజూ మరకే. "కాసులు పోసి మరకలు కొనుక్కున్నావు" అని మా అత్త ఒకటే సణుగుడు. ఐదో నెల నుంచి దాదాపు ఏమీ లేదు. ఐరన్ మాత్రలతో హిమోగ్లోబిన్ 11.4కి వచ్చింది. అందరికీ ఇలాగే కుదరదు. ఒక్కోసారి జారి పడిపోతుంది. గడ్డ సంచి లోపలికి పొడుచుకొచ్చి ఆకారం మారితే డాక్టర్లు వేయరు. ధర వినగానే వెనక్కి పెట్టేసేవాళ్లనూ చూస్తుంటాను.

ఏ దారి పట్టినా ముందు థైరాయిడ్ పరీక్ష చేయించండి, దాని తేడా వల్ల కూడా ముట్టు ఎక్కువవుతుంది. 45 దాటితే లోపలి పొర ముక్క తీసి పరీక్ష చేయమని అడగండి. తెల్లబట్ట అవుతోంది, సంచికి పుండు పడింది, క్యాన్సరైపోతుంది అని ఎవరన్నా భయపెడితే పాప్ స్మియర్ (సంచి మూతి దగ్గర కణాలు తీసి చూసే పరీక్ష) రిపోర్టు చూడందే సంతకం పెట్టకండి.

పోయిన నెల కళ్యాణదుర్గం నుంచి వచ్చినామెకు 38. మా బిల్లు వెనకే రాసిచ్చాను: "అండాశయాలు ఉంచుతారా?" ఆ చీటీ డాక్టరమ్మకు చూపించిందట. గడ్డ పెద్దది, లూప్ కుదరదన్నారు, ఆపరేషనే అయింది. నిన్న ఆమె తమ్ముడు డిశ్చార్జి కాగితం తెచ్చి నా ముందు పెట్టి, "బీఎస్ఓ అని ఎక్కడన్నా ఉందేమో చూడమంది అక్క" అన్నాడు. పైనుంచి కిందిదాకా రెండుసార్లు చదివాను. లేదు.