మెత్తగా పలికే స్నేర్ డ్రమ్: ఆరేళ్ల వాడకం తర్వాత

14 అంగుళాల వ్యాసం, 5.5 అంగుళాల లోతు ఉన్న మేపుల్ చెక్క షెల్ (గుండ్రటి ఒళ్లు) గల స్నేర్ డ్రమ్‌ను, అంటే కింది వైపు సన్నటి తీగలు ఆనుకుని ఉండే డ్రమ్‌ను, ఆరేళ్లుగా వాయిస్తున్నాను. అంతకుముందు నా దగ్గర స్టీల్ షెల్ డ్రమ్ మాత్రమే ఉండేది. పెద్ద వేదికల మీద దానికి తిరుగు లేదు గానీ, ఒక గొంతు, ఒక గిటారు, ఒక పియానో మాత్రమే ఉండే చిన్న కచేరీల్లో ఎంత తగ్గించి వాయించినా దాని మోత పాటను మింగేసేది. మెత్తగా పలికే స్నేర్ కోసం వెతకడం అలా మొదలైంది.

మేపుల్ షెల్‌లో స్టీలుకున్న పదును తగ్గి, నాదం గుండ్రంగా వినిపిస్తుంది. అయితే షెల్ మార్చినందువల్ల వచ్చిన తేడా నేను ఆశించినంత పెద్దది కాదని, అసలు పని హెడ్‌లు (షెల్‌కు పైన, కింద బిగించే పలుచటి పొరలు), వైర్లు (కింది తీగలు), వాటి బిగింపు దగ్గరే ఉందని తెలియడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా నేను చేసినది అణచడమే. పై హెడ్ మీద జెల్ ముక్కలు అతికించాను, గుడ్డ మడిచి వేశాను. మోత తగ్గిన మాట నిజమే. కానీ తేలికపాటి దెబ్బలు బొత్తిగా వినిపించకుండా పోయేసరికి, తెలియకుండానే నా చేతులు గట్టిగా కొట్టడం మొదలుపెట్టాయి. మెత్తదనం కోసం వేసిన గుడ్డ చివరికి మరింత మొరటుగా వాయించేలా చేసింది.

దారి చూపింది కింది హెడ్. స్నేర్ వైర్లు ఆనుకుని ఉండే ఈ హెడ్ సాధారణంగా 3 మిల్, అంటే అంగుళంలో వెయ్యి వంతుల్లో మూడు వంతుల మందమే ఉంటుంది. దాన్ని పై హెడ్ కంటే కొంచెం ఎక్కువ స్థాయికి (శ్రుతికి) బిగించినప్పుడు, వేలి కొనతో పైన తాకినా కింద వైర్లు పలుకుతాయి. ఒకసారి అత్యాశతో అతిగా బిగించి వైర్ల పక్కనే చింపుకున్నాను కాబట్టి, ఇప్పుడు హెడ్‌ను బిగించే కీని పావు చుట్టు కంటే ఎక్కువ ఒక్కసారిగా తిప్పను.

వైర్ల విషయంలో నా పద్ధతి ఇది. వైర్లను బిగించే భాగమైన స్ట్రెయినర్ మర తిప్పి వైర్లు గలగలమనేంత వదులు చేస్తాను. కర్ర కొనతో హెడ్ అంచు దగ్గర, దాదాపు వినబడీ వినబడనంత తేలికగా తడుతూ మరను కొద్దికొద్దిగా బిగిస్తాను. గలగల పోయి, ఇసుక జల్లినట్టు పొట్టిగా, స్పష్టంగా ఒక చప్పుడు వచ్చే చోట ఆగుతాను. అక్కడి నుంచి ఇంకో చుట్టు తిప్పితే వైర్లు హెడ్‌ను పిసికేసినట్టవుతుంది, తేలికపాటి దెబ్బలకు పలకవు. వైర్ల సంఖ్య కూడా ముఖ్యమే: 42 తీగల సెట్ ఈ పనికి మరీ ఎక్కువ అనిపించి, 20 తీగల సెట్‌కే తిరిగి వచ్చాను.

పైన రెమో కోటెడ్ అంబాసడర్ వాడతాను. అది 10 మిల్ మందం గల ఒకే పొర హెడ్. బ్రష్‌లు (కర్రలకు బదులు వాడే సన్నటి తీగల కుంచెలు) రుద్దితే పలకాలంటే ఆ గరుకు పూత తప్పనిసరి. హెడ్‌ను బిగించే మరలైన టెన్షన్ రాడ్‌లను ముందుగా వేళ్లతో బిగించి, తర్వాత ఎదురెదురు జంటలుగా అర చుట్టు చొప్పున తిప్పి, ప్రతి రాడ్‌కు అంగుళం లోపల తట్టి స్థాయి సమానం చేస్తాను. బిగింపు మధ్యస్థంగా ఉంటే చాలు. మరీ వదులైతే నాదం చప్పబడడమే కాక కర్ర ఎగరదు, ఘోస్ట్ నోట్లు (ప్రధాన దెబ్బల మధ్య వినబడీ వినబడనట్టు కొట్టే దెబ్బలు) జారిపోతాయి.

లోపాలూ ఉన్నాయి. ఇంత సున్నితంగా సర్దిన డ్రమ్ పక్కవాటికి కూడా స్పందిస్తుంది. పక్కనుండే చిన్న టామ్ (వైర్లు లేని డ్రమ్) కొట్టినా, బేస్ గిటారు కొన్ని స్వరాలు పలికినా వైర్లు ఝుమ్మంటాయి. టామ్ స్థాయిని కాస్త మార్చితే చాలావరకు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. మైకు లేని పెద్ద హాలులో ఇది వెనక వరుసలకు చేరదు, అక్కడికి ఇప్పటికీ స్టీల్ డ్రమ్మే తీసుకెళ్తాను. బ్రష్‌ల వల్ల హెడ్ మధ్యలో పూత అరిగి నున్నబడగానే ఆ శ్‌శ్ మనే ధ్వని సన్నగిల్లుతుంది, అప్పుడు హెడ్ మార్చక తప్పదు. మరీ చిన్న గదిలో కర్రలకు బదులు సన్నటి పుల్లల కట్టలు పట్టుకుంటాను. హెడ్ మీద గుడ్డ మాత్రం మళ్లీ వేయలేదు.