గెవుర్ట్స్‌ట్రామినర్‌కి ఏ వంట కుదురుతుంది?

సువాసన ఎక్కువగా ఉండే వైట్ వైన్లలో నేను ఏళ్లుగా తాగుతున్నది ఫ్రాన్స్‌లోని అల్సాస్ ప్రాంతపు గెవుర్ట్స్‌ట్రామినర్. అదే పేరున్న ద్రాక్షతో చేస్తారు. బిరడా తీయగానే లిచీ, గులాబీ వాసన గుప్పుమంటుంది. ఆ లిచీ వాసన మన ఊహ కాదు. రోజ్ ఆక్సైడ్ అనే పదార్థం లిచీ పండులోనూ ఉంటుంది, ఈ వైన్‌లోనూ ఉంటుంది. ఆ వాసన చూసే చాలామంది పక్కన పండ్లో, తీపి పదార్థాలో పెడతారు. నాకైతే అది అస్సలు నచ్చదు. పక్కన తీపి ఎక్కువైతే వైన్ చప్పబడి, చేదు ఒక్కటే మిగులుతుంది.

వంట ఎంచుకునేటప్పుడు వాసనను కాసేపు పక్కన పెట్టి, నోట్లో ఏం జరుగుతుందో చూడాలి. ఇందులో పులుపు తక్కువ. ఆల్కహాల్ ఎక్కువ, చాలా సీసాల మీద 13 నుంచి 14.5 శాతం దాకా కనిపిస్తుంది. ఎంతో కొంత తీపి, చివర్లో సన్నటి చేదు. నోట్లో చిక్కగా, బరువుగా తగిలే వైన్ అన్నమాట. అందుకే కొవ్వు, ఉప్పు, ఘాటైన వాసన ఉన్న తిండి ముందు ఇది గట్టిగా నిలబడుతుంది.

దీనికి మున్‌స్టర్ చీజ్‌ను మించిన జోడీ నాకు ఇంతవరకూ దొరకలేదు. అదీ అల్సాస్ వైపున్న వోజ్ కొండల చీజే, ఈ ద్రాక్ష తోటలూ ఆ కొండల తూర్పు వాలులోనివే. ముదిరేటప్పుడు పైతొక్కను ఉప్పునీటితో మళ్లీ మళ్లీ కడుగుతారు కాబట్టి దాని వాసన గదంతా నిండిపోతుంది. లోపల మాత్రం వెన్నలా మెత్తగా, ఉప్పగా ఉంటుంది. చీజ్ ముక్క మీద నాలుగు కారవే (సీమ జీలకర్ర) గింజలు చల్లి, నోట్లో వేసుకుని, అది కరుగుతుండగానే ఒక గుక్క వైన్ తాగండి. చీజ్ కంపు తగ్గుతుంది, వైన్‌లో తీపి వెనక్కి వెళ్లి అల్లం లాంటి ఘాటు ముందుకొస్తుంది. అదే చీజ్‌కి రెడ్ వైన్ పెడితే నాకు నోరంతా ఇనుప రుచి తగులుతుంది.

మసాలా వంటలకి ఇదే సరైనదని ఎక్కడ చూసినా రాస్తారు. అందులో సగమే నిజం. అల్లం, దాల్చినచెక్క, నిమ్మగడ్డి, కొబ్బరిపాలు ఉన్న కూరలతో బ్రహ్మాండంగా ఉంటుంది. మిరప కారం సంగతి వేరు. ఆల్కహాల్ ఆ మంటను ఇంకా పెంచుతుంది. కారం మధ్యస్థంగా ఉంటే తీపి ఉన్న సీసా కొంత కాపాడుతుంది, బాగా మండే వంటకైతే ఆల్కహాల్ తక్కువున్న తీపి రీస్లింగ్ (ఇంకో రకం వైట్ వైన్) తీసుకోవడమే మంచిది.

ఇన్నేళ్లలో నన్ను బాగా విసిగించింది తీపి విషయమే. ఒకే రకం పేరుతో ఒక సీసా పొడిగా, అంటే తీపి లేకుండా, ఇంకోటి పానకంలా ఉండేవి, మూత తీసేదాకా తెలిసేది కాదు. 2021 పంట నుంచి అల్సాస్ వైన్ల లేబుల్ మీద తీపి స్థాయి రాయడం తప్పనిసరి చేశారు, అది పెద్ద ఊరట. సెక్ అంటే పొడి, సాధారణంగా లీటరుకి 4 గ్రాముల లోపు చక్కెర. దాని పైన తీపి పెరిగే వరసలో డెమీ సెక్, మ్వాలో, డూ. కూరలకి నేను డెమీ సెక్ తీసుకుంటాను. వేయించిన బాతు మాంసానికి, నెమ్మదిగా ఎర్రగా మగ్గించిన ఉల్లిపాయల టార్ట్‌కి సెక్ చాలు.

టమాటా పులుపుకి, నిమ్మరసం పిండిన చేపకి ఇది వద్దు. వైన్‌లో పులుపు తక్కువ కాబట్టి ఆ వంటల ముందు నీరసంగా తేలిపోతుంది.

మరీ చల్లగానూ ఇవ్వకండి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే వాసన ముడుచుకుపోయి చేదు పైకి తేలుతుంది. 10 నుంచి 12 డిగ్రీల దగ్గర నాకు బాగుంటుంది, అంటే పోసే ముందు కాసేపు బయట పెడితే సరిపోతుంది.